నాన్నతో కలిసి మా కాలేజీ ఊరి పిజ్జా కొట్టుకి

ఈ 2025 సెప్టెంబర్ 5, 6, 7 తేదీల్లో అమ్మానాన్నల్ని తీసుకుని నేను ఎమ్మెస్ చదివిన ఊరికి వెళ్లొచ్చాం. మిస్సోరి రాష్ట్రంలో కొలంబియా. వెళ్లింది ముఖ్యంగా ఒక పిజ్జా కొట్టు కోసం, పేరు షేక్‌స్పియర్స్ పిజ్జా. మేముండేది షికాగో పక్కన అరోరాలో, అక్కణ్ణుంచి ఒకవైపే ఆరు గంటల డ్రైవ్. పిజ్జా కోసం అంత దూరమా అని తెలిసినవాళ్లందరూ అడిగారు. వాళ్లకి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇక్కడ తీరిగ్గా చెప్తాను. పైగా చాలామంది ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తాము చదువుకున్న ఊరు చూపించాలనుకుంటారు కదా, అలాంటివాళ్లకి మేం పడ్డ తిప్పలు కొంచెం పనికొస్తాయి.

నేను ఆ ఊళ్లో దిగింది 2014 ఆగస్టులో. దిగిన మూడో రోజు సీనియర్లు కొత్తగా వచ్చిన మమ్మల్ని ఆ కొట్టుకి తీసుకెళ్లారు. తొమ్మిదో వీధి, ఎల్మ్ వీధి కలిసే మూల, రోడ్డు దాటితే క్యాంపస్. 1973 నుంచి ఉన్న కొట్టు అది. లోపల గోడల నిండా పాత బోర్డులు, కార్ల నంబర్ ప్లేట్లు, ఒక చోట ఉన్న కుర్చీ ఇంకో చోట ఉండదు, చూడగానే మనూళ్లో పాత హోటల్లో కూర్చున్నట్టు అనిపించింది నాకు. పదకొండు మందిమి, రెండు పిజ్జాలు, డబ్బులు సీనియర్లే ఇచ్చారు. ఆ తర్వాత రెండేళ్లలో నేను అక్కడికి వెళ్లింది మహా అయితే పదిసార్లు. క్యాంపస్ డైనింగ్ హాల్లో వారానికి ఇరవై గంటలు పనిచేసేదాన్ని, వచ్చిన డబ్బులు అద్దెకీ కూరగాయలకీ సరిపోయేవి. మధ్యాహ్నం పూట ఒక్క ముక్క కూడా అమ్మేవాళ్లు, జీతం పడిన రోజు ఒక ముక్క కొనుక్కుని కిటికీ పక్కన కూర్చుని తినేదాన్ని. ఆ పదిసార్లు నాకు ఒక్కొక్కటీ గుర్తే.

2015లో ఆ బిల్డింగు పడగొట్టేస్తున్నారని తెలిసింది. పైన అపార్ట్‌మెంట్లు కట్టి, కింద మళ్లీ పిజ్జా కొట్టు పెడతారట. ఊరంతా అదే మాట. ఎప్పుడో చదివి వెళ్లిపోయినవాళ్లు కూడా చివరిసారి తినడానికి వచ్చారు. నేను కూడా వెళ్లి, బయట నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. శనివారం రాత్రి ఏడున్నరకి చేస్తే మనకి ఆదివారం పొద్దున ఆరు. ఆ టైముకి మా నాన్న కచ్చితంగా తన టిఫిన్ హోటల్లో ఉండేవారు. ఫోన్లో వెనకనుంచి గరిటె పెనానికి తగిలే చప్పుడు వినిపిస్తూనే ఉండేది. "ఇక్కడ నలభై ఏళ్ల కొట్టు పడగొడుతున్నారు నాన్నా, మళ్లీ అక్కడే పెడతారంటున్నారు" అన్నాను. నాన్న ఒక్క క్షణం ఆగి, "పెట్టరు తల్లీ. పడగొట్టేముందు అందరూ ఇస్తామనే అంటారు" అన్నారు.

మా నాన్నకి బాపట్లలో టిఫిన్ హోటలు ఉండేది. బాపట్ల కూడా కాలేజీల ఊరే, 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, తర్వాత ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 1987లో నాన్న నాలుగు బల్లలతో మొదలుపెట్టారు. ఇడ్లీ, అట్టు, పూరీ, సాయంత్రం పునుగులు, మైసూర్ బజ్జీ. హాస్టలు పిల్లలకి ఖాతా పుస్తకం ఉండేది, నెలాఖర్లో కొందరు కట్టేవాళ్లు, కొందరు ఉద్యోగం వచ్చాక వచ్చి కట్టేవాళ్లు. 2018లో బిల్డింగు ఓనరు కాంప్లెక్స్ కడతానని ఖాళీ చేయించారు. కింద మూల షాపు నీకే అన్నారు. నాన్న నమ్మారు. పెద్ద గ్రైండరు, ఇడ్లీ పాత్రలు, పెనాలు, గల్లా పెట్టె, అన్నీ తీసుకొచ్చి మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టారు. కాంప్లెక్స్ పూర్తయ్యాక ఓనరు అడ్వాన్సు ఎంత చెప్పారో నాన్న ఈ రోజుకీ మాకు సరిగ్గా చెప్పలేదు. ఆ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. సామాను ఇంకా షెడ్డులోనే ఉంది.

కొలంబియాలో మాత్రం నాన్న చెప్పినట్టు జరగలేదు. కొట్టు వాళ్లు పక్క వీధిలో తాత్కాలికంగా పెట్టుకుని నడిపారు, 2016లో పాత చోటే కొత్త బిల్డింగులో మళ్లీ తెరిచారు. అప్పటికి నా చదువు అయిపోయింది. ఆ మే నెలలోనే ఊరు వదిలేశాను కాబట్టి కొత్తది నేను చూడనే లేదు. ఫొటో దొరికితే నాన్నకి పంపాను. "పెట్టారా! మంచివాళ్లే" అన్నారు. అంతే, తర్వాత మా మధ్య ఆ మాట రాలేదు.

అమ్మానాన్నలు 2025 ఏప్రిల్లో వచ్చారు. నయాగరా చూశారు, న్యూయార్క్ చూశారు, మా ఊళ్లో బాలాజీ గుడికైతే ప్రతి శనివారం. ఆగస్టు మొదట్లో ఒకరోజు భోజనాల దగ్గర నాన్న ఉన్నట్టుండి, "ఆ పిజ్జా కొట్టు మళ్లీ తెరిచారన్నావు కదా, ఎంత దూరం?" అని అడిగారు. తొమ్మిదేళ్ల కిందటి మాట. నేను అన్నం కలుపుతున్నదాన్ని అలా ఆగిపోయాను.

తిరుగు ప్రయాణం టికెట్లు సెప్టెంబర్ 20కి ఉన్నాయి. మా ఆయనకి సెలవు దొరికింది 5వ తేదీ ఒక్కటే. హోటల్ రూము చూద్దామని ఆగస్టు 16న కూర్చున్నాను. మామూలుగా వంద, నూట ఇరవై ఉండే రూములు మూడు వందల నలభై డాలర్లు చూపిస్తున్నాయి, అదీ రెండు రాత్రులు తప్పనిసరి. వెబ్‌సైట్ తప్పేమో అనుకుని మూడు చోట్ల చూశాను. చివరికి మా పాత రూమ్మేట్ చెప్పింది, ఆ శనివారం మా మిస్సోరి యూనివర్సిటీకి కాన్సాస్ యూనివర్సిటీతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అని. ఈ రెండు యూనివర్సిటీలకీ పాత పగ, 2011 తర్వాత ఫుట్‌బాల్‌లో మళ్లీ తలపడటం ఇదే మొదటిసారి. తర్వాతి శనివారం కూడా ఆ ఊళ్లోనే ఇంకో మ్యాచ్ ఉంది. ఇక వేరే దారి లేక కొలంబియాకి ఉత్తరాన నలభై నిమిషాల దూరంలో మోబర్లీ అనే చిన్న ఊళ్లో రూము తీసుకున్నాం, రాత్రికి 118 డాలర్లు. కాలేజీ ఊరికి వెళ్లాలనుకునేవాళ్లు రూము చూసే ముందే ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్ షెడ్యూలు చూసుకోండి. అక్కడే రెండేళ్లు చదివాను, నాకే తట్టలేదు. చదివే రోజుల్లో నాకు మ్యాచ్ అంటే డైనింగ్ హాల్లో ఎక్కువ గంటలు పని దొరికే రోజు, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా ఒక రోడ్డు, అక్కణ్ణుంచి పడమరగా హానిబాల్ దగ్గర మిసిసిపీ నది దాటి మిస్సోరిలోకి. దారి పొడుగునా మొక్కజొన్న, సోయాబీన్, వేరే ఏమీ లేదు. నాన్నకి అదే నచ్చింది. "కృష్ణా డెల్టాలో గట్లు ఉంటాయి, ఇక్కడ గట్టే లేదేంటి" అని అల్లుణ్ణి అడుగుతూ కూర్చున్నారు. రెండుసార్లు ఆగాం, నాన్నకి మోకాళ్ల నొప్పులు, గంటన్నరకి మించి కాళ్లు ముడుచుకుని కూర్చోలేరు. మోబర్లీ చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ పొద్దున్నే చేసిన పులిహోర, పెరుగన్నం తిని పడుకున్నాం.

శనివారం మా తప్పులన్నీ ఒకేసారి బయటపడ్డాయి. పదింటికి బయల్దేరి పదకొండుకి ముందే కొలంబియా చేరాం కానీ ఊళ్లో కారు పెట్టే చోటు లేదు. ఎక్కడ చూసినా నలుపు, పసుపు చొక్కాలే. లక్షా పాతికవేల జనాభా ఉన్న ఊరు, ఆ రోజు నేను గుర్తుపట్టలేకపోయాను. ఒకాయన తన ఖాళీ స్థలంలో పెట్టుకోనిస్తూ నలభై డాలర్లు అడిగాడు, ఇచ్చేశాం. అక్కణ్ణుంచి క్యాంపస్‌కి మైలు నడక. నాన్న ఏమీ అనలేదు కానీ కుడికాలు ఈడుస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

ముందు ఆరు స్తంభాల దగ్గరికి తీసుకెళ్లాను. 1892లో పాత కాలేజీ బిల్డింగు కాలిపోతే మిగిలిన స్తంభాలు అవి, పచ్చిక మధ్యలో వాటంతట అవే నిలబడి ఉంటాయి. మిస్సోరిలో చదివిన ప్రతి ఒక్కరి ఇంట్లోనూ అక్కడ దిగిన ఫొటో ఉంటుంది. నా పట్టా రోజున అమ్మానాన్న రాలేకపోయారు, వీసా ఖర్చు, టికెట్ల ఖర్చు అప్పట్లో మావల్ల కాలేదు. అందుకని ఆ గౌను మడతపెట్టి తెచ్చుకున్నాను. అమ్మ సంచిలోంచి గౌను తీసి నాకు తొడిగి, మెడ దగ్గర సర్ది, అటూ ఇటూ చూసి ఏడ్చేసింది. చుట్టూ మ్యాచ్‌కి వచ్చినవాళ్లు, ఎవరో పెద్దావిడ వచ్చి మా అందర్నీ కలిపి ఫొటో తీసి వెళ్లింది.

పన్నెండున్నరకి కొట్టు దగ్గరికి వెళ్లాం. క్యూ తలుపు దాటి బయట మూల తిరిగిపోయింది. అరగంట నిలబడితే పది అడుగులు కదిలాం. మా బాబు ఆకలని ఏడుపు. మా ముందున్నవాళ్లు, ఆర్డరు ఇచ్చాక కూడా గంటపైనే పడుతుంది, కూర్చోవడానికి చోటు దొరకడం కష్టమని చెప్పారు. మ్యాచ్ రోజు ఊరి మొత్తానికి ఇష్టమైన కొట్టుకి వస్తే ఇంతే. నాన్న కిటికీ అంచు పట్టుకుని నిలబడి లోపలికి చూస్తున్నారు. నేను "రేపు వద్దాం నాన్నా" అంటే, "నాకేం ఫరవాలేదు, నిలబడతాను" అన్నారు. మా ఆయనే "మావయ్యగారూ, బాబు ఆగలేడు, రేపు పొద్దున్నే వద్దాం" అని తీసుకొచ్చారు. నాకు లోపల చాలా దిగులేసింది. ఇంత దూరం తీసుకొచ్చి తలుపు దాకా వెళ్లి వెనక్కి రావడం ఏంటి అని. పక్కనే క్యాంపస్ అంచున చెట్లున్న చిన్న పార్కు ఉంది, అందులో గడ్డి మీద కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం. మ్యాచ్ మొదలయ్యాక జనం అంతా స్టేడియానికి వెళ్లిపోతారు కాబట్టి ఆ టైములో కొట్టు కొంచెం ఖాళీ అయ్యేదేమో. కానీ అప్పటికి బాబు నా భుజం మీదే నిద్రపోయాడు, నాన్న కాలు వాచింది. రెండింటికల్లా మోబర్లీకి బయల్దేరిపోయాం. మిస్సోరి 42-31తో గెలిచిందని రాత్రి టీవీలో చూశాం.

ఆదివారం రూము ఖాళీ చేసి, తెరిచే వేళకి పది నిమిషాల ముందే కొట్టు ముందున్నాం. వీధి మొత్తం వేరే ఊరిలా ఉంది. కారు కొట్టుకి ముప్పై అడుగుల దూరంలో పెట్టాం, ఆదివారం కావడంతో మీటరు డబ్బులు కూడా కట్టక్కర్లేదు. నిన్న నలభై డాలర్లు, ఇవాళ సున్నా.

బయటినుంచి బిల్డింగు చూసి నాకు గుండె కొంచెం జారింది. కొత్తగా, ఎత్తుగా, పైన అపార్ట్‌మెంట్లు. తలుపు తీశాక మాత్రం అవే బోర్డులు, అవే నంబర్ ప్లేట్లు, అదే వాసన. పాత కొట్టులోని సామాను దాచి మళ్లీ పెట్టారు. గోడలు కొత్తవని తెలుసు, అయినా నా కళ్లు పాత కిటికీ ఉండాల్సిన వైపే తిరిగాయి.

ఇక్కడ పద్ధతి తెలియనివాళ్లు కూర్చుని ఎవరో వస్తారని ఎదురుచూస్తారు. ఎవరూ రారు. కౌంటరు దగ్గర ఆర్డరిచ్చి, డబ్బులు కట్టి, పేరు చెప్పి, మనకి నచ్చిన చోట కూర్చోవాలి. పిజ్జా అవ్వగానే మైకులో పేరు పిలుస్తారు, వెళ్లి తెచ్చుకోవాలి. పిజ్జా అట్ట, అంటే అడుగు రొట్టె, మైదాదా గోధుమదా అని అడుగుతారు. అమ్మ శాకాహారి, అందుకని ఒకటి గోధుమ అట్టతో పుట్టగొడుగులు, ఉల్లిపాయ, క్యాప్సికం, నల్ల ఆలివ్‌లు వేయించాను. ఇంకోటి మైదాది, బాబు కోసం సగం ఉత్త చీజు, మిగతా సగం మా ఆయనకి మాంసం. కూల్‌డ్రింకులతో, పన్నుతో, టిప్పుతో కలిపి 54 డాలర్లు అయింది. నాన్న వెంటనే లెక్క వేశారు, అప్పుడు డాలరు 88 రూపాయలు ఉండేది, నాలుగువేల ఏడొందలు. "మన హోటల్లో మూడొందల మంది తినేవాళ్లు ఆ డబ్బుతో, మొదట్లో అయితే" అన్నారు, అని ఆయనే "రేట్లు అప్పటివి కదా" అన్నారు.

పేరు అడిగినప్పుడు నేను నాన్న పేరులో చివరి ముక్క చెప్పాను, రావు అని.

పిజ్జాలు చేసేది కిటికీ అద్దంలోంచి కనిపిస్తుంది. పిల్లలకి ఆడుకోవడానికి పిండి ముద్ద ఇస్తారు, అది నా చదువు రోజుల్లోనూ ఉంది. మావాడికి నిమ్మకాయంత ముద్ద ఇచ్చారు. వాడు కాసేపు నొక్కి, తాతయ్య చేతిలో పెట్టేశాడు. నాన్న దాన్ని బొటనవేలుతో నొక్కి చూశారు. గుంట మెల్లగా పైకి లేచింది. మళ్లీ నొక్కారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. అరచేతిలో గుండ్రంగా చేసి, చివర్లు లోపలికి మడిచి, బోర్లించి, బల్ల మీద పెట్టి చేత్తో కప్పారు. పూరీ పిండి ఉండలు ఆరిపోకుండా తడిగుడ్డ కప్పేవారు హోటల్లో, అచ్చం అలాగే. "రాత్రే కలిపి పెట్టుంటారు. పులుపు తెలుస్తోంది" అన్నారు. 2018 తర్వాత నాన్న చేతులు పిండి మీద పడటం నేను చూడలేదు. ఇంట్లో అమ్మ పిండి రుబ్బుతుంటే కూడా అటు వెళ్లరు ఆయన.

ఆర్డరిచ్చిన ఇరవై ఐదు నిమిషాలకి మైకులో "రావ్" అని వినిపించింది. మేం ఎవరం కదల్లేదు, నాన్నే లేచారు. ముప్పై ఒక్కేళ్లు ఆయనే గల్లా దగ్గర కూర్చుని, మూడో బల్లకి రెండు అట్లు, హాస్టలు పార్సిల్ అని కేకేసేవారు. మోకాలు నొప్పిగా ఉన్నా మమ్మల్ని ఎవర్నీ రానివ్వలేదు. రెండుసార్లు వెళ్లి రెండు పిజ్జాలూ ఆయనే తెచ్చారు.

ఇక్కడ చేతులు తుడుచుకోవడానికి కాగితాలు ఉండవు, చిన్న తువ్వాలు ముక్కలు ఇస్తారు, ఉతికి మళ్లీ వాడతారు. కొత్తవాళ్లు అందరూ దీనికి ఆశ్చర్యపోతారు. అమ్మకి ఆ కొట్టులో అన్నిటికంటే అదే నచ్చింది. ఐదు నెలలుగా ఎక్కడికెళ్లినా కాగితాలు కాగితాలు అంటూ ఉండేది, ఇక్కడ ఆ గుడ్డ మడత విప్పి, ఒళ్లో పరుచుకుని, హాయిగా తిన్నది. గోధుమ అట్ట కొంచెం మందంగా, నమిలేటట్టు ఉంటుంది, అంచులు కరకర. అమ్మ మూడు ముక్కలు తిన్నది. ఇండియా నుంచి వచ్చాక పిజ్జా అంటే ఒక్క ముక్కకే చాలనే మనిషి. కారం మాత్రం తక్కువే, ఎండుమిర్చి పలుకులు ధారాళంగా చల్లుకున్నాం.

నాన్న ముక్క తీసుకుని తినకుండా ముందు తిరగేసి అడుగు చూశారు. అట్టు కాలిందో లేదో పెనం మీదనుంచి అంచు లేపి చూసినట్టు. అడుగున పిండి పొడి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు. "నిప్పు సమంగా తగిలింది" అని, అప్పుడు కొరికారు.

తిన్నాక నాన్న, కొట్టు వాళ్లని ఒక మాట అడగమన్నారు. బల్లలు తుడుస్తున్న అబ్బాయిని పిలిచి, మా నాన్న ఇండియాలో కాలేజీ పక్కన హోటలు నడిపేవారు, పాత బిల్డింగు పడగొట్టినప్పుడు మీరు ఎలా నెట్టుకొచ్చారో తెలుసుకోవాలనుకుంటున్నారు అని చెప్పాను. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయి. అప్పుడు నేను నాలుగో క్లాసు అన్నాడు. కానీ వెళ్లిపోకుండా, చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడి, మా నాన్న హోటల్లో ఏం చేసేవారని అడిగాడు. నేను ఇడ్లీ, దోశ అని చెప్తుంటే నాన్న మధ్యలో కల్పించుకుని, "ఉప్మా పెసరట్టు చెప్పు" అన్నారు. పెసరట్టు ఇంగ్లీషులో వివరించడం నావల్ల అంత బాగా కాలేదు. నాన్నే చేతులతో పెనం మీద పిండి తిప్పడం చూపించారు. ఆ అబ్బాయికి అర్థమైంది. తను ఇంట్లో నేర్చుకోలేదు, ఇక్కడే నేర్చుకున్నానని గాల్లో పిండి తిప్పడం చూపించాడు. నాన్న అడగాలనుకున్న అసలు ప్రశ్న అద్దె ఎంత పెరిగిందని. "చిన్నపిల్లాడు, వాడికేం తెలుస్తుంది, వదిలెయ్" అన్నారు.

తాత్కాలికంగా నడిపిన చోటు చూపిస్తానని నాన్నని పక్క వీధికి తీసుకెళ్లాను. రెండు నిమిషాల నడక. 2015 శీతాకాలంలో వెళ్లినప్పుడల్లా నేను అక్కడే తిన్నాను. ఆ నవంబర్‌లో క్యాంపస్‌లో నల్లజాతి విద్యార్థుల ఆందోళన జరిగి యూనివర్సిటీ ప్రెసిడెంటు రాజీనామా చేశారు, మా అందరికీ టెన్షన్‌గా ఉండేది, కొన్ని సాయంత్రాలు గదిలో ఒంటరిగా ఉండలేక ఐదారుగురం కలిసి అక్కడికి వెళ్లి ఒకే పిజ్జా పంచుకున్నాం. అదంతా నాన్నకి చెప్తుంటే ఆయన వినడం లేదు. పాత చోటికీ ఈ చోటికీ మధ్య దూరం చూస్తున్నారు, వెనక్కి తిరిగి మళ్లీ చూస్తున్నారు.

"ఇంత దగ్గరే పెట్టుకున్నారా" అన్నారు.

"అవును నాన్నా."

"అదీ సంగతి. వీళ్లు ఒక్క ఏడాది కూడా ఊరికి కనపడకుండా పోలేదు. నేను ఓనరు ఇస్తాడని ఇంట్లో కూర్చున్నాను. ఒక బండి పెట్టుకున్నా పిల్లలు వచ్చేవాళ్లు."

అమ్మ వెంటనే, "ఈ మోకాళ్లతో బండి దగ్గర నిలబడేవారా మీరు" అన్నది. నాన్న జవాబు చెప్పలేదు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. ఏడేళ్లలో మొదటిసారి ఆయన ఆ విషయం తనంతట తాను ఎత్తారు, అదీ ఎక్కడో మిస్సోరిలో, పార్కింగ్ మీటరు పక్కన నిలబడి. నాన్న భుజం మీద చెయ్యి వేశాను, అంతే చేయగలిగాను.

ఖర్చు అడిగేవాళ్లకి, రూము రెండు రాత్రులు పన్నుతో 264 డాలర్లు, పెట్రోలు 78, పార్కింగ్ 40, ఆదివారం పిజ్జాలు 54, దారిలో కాఫీలు, చిరుతిళ్లు ఇంకో 30. మొత్తం 466. మ్యాచ్ లేని వారం అయితే ఊళ్లోనే ఒక్క రాత్రి ఉండి ఇంతకంటే బాగా తక్కువలో అయిపోయేది. పెద్దవాళ్లతో వెళ్తే ఆదివారం తెరిచే వేళకే వెళ్లండి, పన్నెండు దాటేసరికి మా చుట్టూ బల్లలన్నీ నిండిపోయాయి. పిల్లలుంటే పిండి ముద్ద అడగండి, మొహమాటపడకండి. మిస్సోరిలో ఉండేవాళ్లకి ఈ కొట్టు పిజ్జాలు ఫ్రీజ్ చేసినవి సూపర్‌మార్కెట్లలో కూడా దొరుకుతాయి, చదువుకునేటప్పుడు నేను కొన్నాను, బాగానే ఉంటాయి కానీ అక్కడ కూర్చుని తిన్నది వేరు.

ఒంటిగంటకి బయల్దేరాం. బాబు నిద్రపోయాడు, పిండి ముద్ద వాడి చేతిలోంచి జారితే నాన్న తీసి తువ్వాల్లో చుట్టి పెట్టుకున్నారు. నేను వెనక సీట్లో అమ్మ పక్కన. మేకన్ అనే ఊరు దాటాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, మొక్కజొన్న చేలు ఎండబారి ఉన్నాయి రెండు పక్కలా. హానిబాల్ వంతెన ఎక్కబోతుండగా ముందు సీట్లోంచి నాన్న వెనక్కి తిరిగారు.

"ఆ పొయ్యి పాతదేనా, కొత్తది కొన్నారా?"

"అడగలేదు నాన్నా."

"అడగాల్సింది" అన్నారు. కాసేపాగి, "మన గ్రైండరు రాయి బాగానే ఉంటుంది. మోటారే చూసుకోవాలి" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. కింద మిసిసిపీ వెడల్పుగా, మట్టి రంగులో కనిపిస్తోంది, నాన్న అటు తిరిగి నది చూస్తున్నారు.